వాసెలిన్ అట్టలు

కోట వీధి ఆడపిల్లల బడిలో
కిటికీ చువ్వ మీద వేలు పెడితే
వేలు నల్లబడుతుంది.
పదేళ్లుగా పాఠానికి ముందు తుడిపిస్తున్నాను,
దణ్ణం పెట్టుకున్నంత అలవాటుగా.
తుడిచేది ఎంతో ఒక్కనాడూ అనుకోలేదు.
అడిగింది నూకరత్నం:
"మేడమ్, ఈ మసి రోజుకెంత?"

ఎంత అన్నది లెక్కల మాట.
ఏడో తరగతి బి సెక్షన్లో ఆ మాట
ఇంతవరకూ నా నోటి నుంచే వచ్చేది.

పాత శుభలేఖల వెనకవైపు
తెల్లగా ఉన్నంత మేర కత్తిరించారు.
రజియా వాళ్లమ్మ కుట్టుమిషను టేపు తెచ్చి
గళ్లు గీసింది.
వాసెలిన్ డబ్బా నాది.
మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన,
డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడే మూల
మూడు అట్టలు పరిచి అంచుల మీద రాళ్లు పెట్టారు.
కాకులు ఎత్తుకుపోతాయని
మధ్యాహ్నం అన్నం అక్కడే తిన్నారు.

బడి మొత్తానికి భూతద్దం ఒకటే,
పిడికి రబ్బరు చుట్టినది.
దాని మీదికి ఇరవై మూడు తలలు,
ఇరవై మూడు జడల కొబ్బరినూనె వాసన.
తొంభై ఏడు. నూట పది. తొంభై తొమ్మిది.
హైమ రెండుసార్లు లెక్కపెట్టి
రెండు జవాబులు వచ్చాయని ఏడ్చింది.
శాస్త్రజ్ఞులకీ అంతేనమ్మా అన్నాను.
నిజానికి నాకు తెలియదు.

సగటు పాఠం జూన్‌లోనే అయిపోయింది.
పుస్తకంలో ఎవరో క్రికెట్ ఆడి
పరుగులు తీసి అలిసిపోయాడు,
మా పిల్లలు అతని వైపు కన్నెత్తి చూడలేదు.
ఇప్పుడు అదే సగటు కోసం
సుద్దముక్క లాక్కుంటున్నారు.
బోర్డు మీద నేనే రాశాను, పెద్ద అంకెల్లో:
రోజుకి నూట రెండు.

"తప్పు మేడమ్."

కరెంటు అప్పుడే పోయింది,
ఫ్యాను కూడా ఆగి విన్నట్టు.
"పగలు గాలి సంద్రం మీంచి ఒత్తాది.
రేత్రి పడమర్నించి, బొగ్గు గుట్టల మీంచి.
తెల్లారగట్ల మా అయ్య తెప్ప తోసేది
ఆ రేత్రి గాలికే.
రెండూ ఒకే అట్ట మీద పడితే
ఏది ఎంతో ఏటి తెలుస్తాది?"

సముద్రపు గాలి, నేల గాలి.
సైన్సు పుస్తకంలో రెండు బాణాలు గీసి ఉంటాయి,
ఒకటి నీలం, ఒకటి ఎరుపు.
అవి మా మేడ మీదుగా పోతాయని
నాకు తట్టలేదు.

అలా పగటి అట్ట వేరు, రాత్రి అట్ట వేరు అయ్యాయి.
రాత్రి దానికి వాచ్‌మన్ గురువులు కాపలా:
"ఏటి తల్లీ, గేటుకి కాకుండా
అట్టకి కాపలానా నాను?"
అంటూనే కుర్చీ పైకి మోసుకెళ్లాడు.

పగలు ఇరవై ఒకటి. రాత్రి ఎనభై మూడు.
కూడితే నూట నాలుగు.
మిగతా రెండూ ఎక్కడివని
సోమవారం మొత్తం గొడవ.
సోషల్ పీరియడ్ కూడా మింగేశారు.

పేరెంట్స్ మీటింగ్ రోజున
గంప గేటు బయట దించి వచ్చింది వాళ్లమ్మ.
లెక్కల్లో యాభైకి పందొమ్మిది,
పోయినసారి పదకొండు.
"పాసేనా అమ్మగోరూ?"
పాసే అన్నాను.
అంతకు మించి ఎలా చెప్పాలో తెలియక
రాత్రి అట్ట తీసి చేతిలో పెట్టాను.

ప్రోగ్రెస్ కార్డు మీద ముద్ర వేసిన బొటనవేలు,
ఇంకు ఆరనే లేదు.
అట్టని వెలుగుకేసి ఎత్తి చూసి
"మా బియ్యం మీద పడేదీ ఇదే" అంది.
"అమ్మా, ముట్టుకోకు! లెక్క పాడైపోద్ది!"

అప్పటికే ముట్టుకుంది.

సాయంత్రం అట్టలు సర్దుతుంటే చూశాను,
మూడో గడి పక్కన పెన్సిలుతో
నూకరత్నం గుండ్రటి రాత:
ఇక్కడ అమ్మ వేలు.
లెక్కలో కలపలేదు.